చర్చ: డైరీ నచ్చింది, అన్నె ఫ్రాంక్ అంతగా నచ్చలేదు. నేనొక్కదాన్నేనా?

ఇంటికి_పెద్దది | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. నాకు 16. తప్పులుంటే చెప్పండి, తిట్టకండి.

సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లీషులో అన్నె ఫ్రాంక్ డైరీ లోంచి ఒక పాఠం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో కుటుంబంతో సహా దాక్కున్న యూదు అమ్మాయి ఈమె. క్లాసులో ఒకటే కబుర్లని లెక్కల మాస్టారు కీసింగ్ ఆ అమ్మాయిని 'వాగుడుకాయ' మీద వ్యాసం రాసుకు రమ్మంటాడు. మూడోసారికి ఆమె బాతుల మీద పద్యం రాసుకొచ్చి ఆయన్నే నవ్విస్తుంది. మా క్లాసుకి తెలిసిన అన్నె అంతే. పాఠం ముందు ఆమె గురించి పరిచయం ఉంది గానీ, దాన్నుంచి ప్రశ్నలు రావన్నారు కాబట్టి ఎవరమూ చదవలేదు.

సెలవుల్లో మొత్తం పుస్తకం చదివాను. మూడు రోజులు. అన్నం తింటూ కూడా వదల్లేదు. కాబట్టి పుస్తకం బాగాలేదని నేననడం లేదు. నాకు నచ్చనిది అన్నె.

1943 ఏప్రిల్ 2న ఒక సంగతి రాసింది. రాత్రి పడుకునే ముందు నాన్న వచ్చి ప్రార్థన వినడం అలవాటు. ఆ రోజు ఆయన ఇంకా రాలేదని అమ్మ వచ్చి, ఇవాళ నేను విననా అని మెల్లగా అడుగుతుంది. వద్దంటుంది అన్నె. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నాకు నీ మీద కోపం లేదు, ప్రేమించమని నిన్ను బలవంతపెట్టలేను కదా అంటుంది. కళ్ళలో నీళ్ళు. ఇదంతా అన్నే రాసింది, రాసి కూడా తనదే న్యాయం అంటుంది. నేనక్కడ పుస్తకం మూసేసి కాసేపు మా అమ్మ దగ్గర కూర్చున్నాను. ఎందుకొచ్చావే అంటే ఊరికే అన్నాను.

రెండోది వాళ్ళక్క మార్గొట్. అన్నె కంటే మూడేళ్ళు పెద్ద. మా ఇంట్లో నేను పెద్దదాన్ని, చెల్లి ఏడో తరగతి. 'అక్కని చూసి నేర్చుకో' అన్నప్పుడల్లా చెల్లికి మండుతుంది, ఆ మంట నా మీద చూపిస్తుంది. ఆ మాట నేననలేదు కదా! డైరీలో కూడా సరిగ్గా ఇదే. మార్గొట్ బుద్ధిమంతురాలు, మార్గొట్ అందగత్తె, మార్గొట్ అమ్మ కూచి. మార్గొట్ ఏమనుకుంటోందో మాత్రం ఎక్కడో గానీ రాదు.

అసలు వాళ్ళు దాక్కోవడానికి వెళ్ళిందే మార్గొట్ వల్ల. 1942 జూలై 5న జర్మనీకి పనికి రమ్మని వచ్చిన నోటీసు ఆమె పేరు మీదే. అప్పుడామెకి 16, నా వయసు. మర్నాడే కుటుంబమంతా వెళ్ళిపోయారు. ఆమె కూడా డైరీ రాసేదట. అది దొరకలేదు.

ఈ మాటే ఫ్రెండ్‌తో అంటే, అలా చనిపోయిన అమ్మాయిని నచ్చలేదంటావా అని రెండు రోజులు మాట్లాడలేదు. తప్పా?

గోదారి_మేష్టారు | శనివారం రాత్రి 10:05

తప్పేం కాదమ్మా. 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను, ఈ పాఠం కూడా చెప్పాను. ఒక్క పిల్ల ఈ మాట అడిగి ఉంటే ఆ రోజు క్లాసు ఎంత బాగుండేదో. మేమూ కీసింగ్ స్వభావ చిత్రణ రాయించి పంపేశాం.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మనకి అమ్మ మీద కోపమొస్తే తలుపు ధడేల్మని వేసి మేడ మీదకో, వీధిలోకో పోతాం. అన్నెకి ఆ తలుపు లేదు. ఎనిమిది మంది, నాలుగు గదులు, కింద గిడ్డంగిలో పనివాళ్ళు ఉన్నంతసేపూ అడుగుల చప్పుడు వినబడకూడదు, మరుగుదొడ్డిలో నీళ్ళు పొయ్యకూడదు. అలా రెండేళ్ళ ఒక నెల. ఆ కోపం పోయేందుకు కాగితం తప్ప చోటేదీ?

ఇంకోటి. 1944 జనవరి 2 నాటి పేజీ మళ్ళీ ఒకసారి చదువు. చదివాక రాయి.

వంటింటి_పాఠకురాలు | శనివారం రాత్రి 11:31

పిల్లల్ని పడుకోబెట్టి వచ్చాను. ఇది చూశాక నిద్ర రాదనిపిస్తోంది.

నేను ఈ పుస్తకం రెండుసార్లు చదివాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు అన్నె వైపు. ఇద్దరు పిల్లలు పుట్టాక వాళ్ళమ్మ ఎడిత్ వైపు. దాక్కోవడానికి వెళ్ళేనాటికి ఆవిడ వయసు 42. నాకిప్పుడు 43. అత్తారింటి నుంచి ఎవరైనా వారం రోజులు వచ్చి ఉంటేనే నా వంటింట్లో నాకు ఊపిరాడదు. ఆవిడ ఇంకో కుటుంబంతో ఒకే పొయ్యి మీద, ఒకే గిన్నెలతో, కుళ్ళిన బంగాళాదుంపలు ఏరుకుంటూ రెండేళ్ళు గడిపింది. పైగా ఇవన్నీ రాసిపెట్టే కూతురొకటి.

డైరీ 1944 ఆగస్టు 1తో ఆగిపోతుంది, 4న పట్టుకున్నారు. ఆ తర్వాతి ఎడిత్ మనకి బతికొచ్చినవాళ్ళు చెప్పగా తెలిసిన ఎడిత్. ఆష్విట్జ్ అనే నాజీ శిబిరంలో తల్లీ కూతుళ్ళు ముగ్గురూ ఒకరినొకరు వదిలేవారు కాదట. తర్వాత పిల్లలిద్దర్నీ బెర్గెన్-బెల్సెన్ అనే ఇంకో శిబిరానికి పంపేశారు, ఆవిడ అక్కడే ఉండిపోయింది. తనకిచ్చిన రొట్టె ముక్కలు తినకుండా పిల్లల కోసం దాచేదట. 1945 జనవరి 6న పోయింది. 27న రష్యన్ సైన్యం వచ్చి ఆ శిబిరాన్ని విడిపించింది.

అమ్మాయీ, మీ అమ్మ దగ్గర కూర్చున్నానన్నావు చూడు, అది చదివి నాకు కళ్ళు తడిశాయి.

హిస్టరీ_పిచ్చోడు | ఆదివారం ఉదయం 7:40

మంచి చర్చ. ఒక సంగతి చేరుస్తాను, ఎందుకంటే 'అన్నె ఇలా రాసింది' అనేటప్పుడు ఏ అన్నె అని అడగాలి. ఈ డైరీకి మూడు రూపాలున్నాయి.

మొదటిది 13వ పుట్టినరోజుకి ఇచ్చిన గళ్ళ అట్ట పుస్తకంతో మొదలైన సొంత డైరీ. 1944 మార్చి 28న లండన్ నుంచి డచ్ మంత్రి బోల్కెస్టైన్ రేడియోలో మాట్లాడుతూ, యుద్ధం అయ్యాక జనం రాసుకున్న డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామన్నాడు. అది విని అన్నె మే 20 నుంచి మొత్తం తిరగరాయడం మొదలుపెట్టింది, ఈసారి అచ్చుకి. అది రెండోది. పది వారాల్లో 215 విడి కాగితాలు. అంటే 14, 15 ఏళ్ళ అన్నె కూర్చుని 13 ఏళ్ళ అన్నెని ఎడిట్ చేసింది. మూడోది యుద్ధం తర్వాత తండ్రి ఒట్టో ఈ రెండూ కలిపి తయారుచేసి 1947 జూన్‌లో డచ్‌లో అచ్చు వేయించినది. భార్య మీద ఉన్న ఘాటు మాటలు కొన్ని ఆయన తీసేశాడు. తల్లిదండ్రుల కాపురంలో ప్రేమ లేదని రాసిన ఐదు పేజీలైతే 1998 దాకా బయటికే రాలేదు.

అక్కడి మనుషుల పేర్లు కూడా ఆమె మార్చింది. పళ్ళ డాక్టరు ఫ్రిట్జ్ ఫెఫర్‌కి పెట్టిన పేరు డుస్సెల్. జర్మన్‌లో దానికి బుద్ధిలేనివాడనే అర్థం. ఒకే గదిలో పడుకునే మనిషి మీద అంత కసి!

సందేహాలరావు | ఆదివారం ఉదయం 9:02

అదంతా సరే గానీ, ఆ డైరీ బాల్ పెన్నుతో రాశారనీ, బాల్ పెన్నులు యుద్ధం తర్వాత వచ్చాయనీ, కనక మొత్తం నకిలీ అనీ మా గ్రూపులో ఫార్వర్డ్ వచ్చింది. నేనంటున్నది కాదు, అడుగుతున్నానంతే.

హిస్టరీ_పిచ్చోడు | ఆదివారం ఉదయం 9:20

అడిగారు కాబట్టి ఒక్కసారి చెప్తాను. బాల్ పెన్ను రాత ఉన్నది రెండు చిన్న చీటీల మీద. డైరీ రాత మీద కాదు. చేతిరాత పరీక్షించినవాళ్ళు 1960 ప్రాంతంలో కాగితాల మధ్య పెట్టుకున్న చీటీలవి. కాగితం, సిరా, జిగురు, చేతిరాత అన్నీ డచ్ ప్రభుత్వ ఫోరెన్సిక్ లాబ్ పరీక్షించింది. ఆ నివేదికతో సహా 1986లో ఆ మూడు రూపాలూ పక్కపక్కన వేసి పెద్ద పుస్తకం తెచ్చారు. మీ గ్రూపులో ఇది ఫార్వర్డ్ చేయండి.

నిర్వాహకులు | ఆదివారం ఉదయం 9:26

ప్రశ్నకి జవాబు వచ్చింది. బాల్ పెన్ను ఇక్కడితో ఆపుదాం. అమ్మాయి అడిగింది వేరు.

కరీంనగర్_కుర్రాడు | ఆదివారం మధ్యాహ్నం 1:15

నాకు 19. నేను సగంలో ఆపేసిన. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది. బంగాళాదుంపలు, కొట్లాటలు, వాళ్ళతో దాక్కున్న రెండో కుటుంబంలోని కుర్రాడు పీటర్, మళ్ళీ బంగాళాదుంపలు. హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) గురించి అందరూ చదవమనేది ఇదేనా అనిపించింది.

ఇంకో మాట. ఆ కుటుంబానికి వ్యాపారం ఉంది, జామ్ గడ్డకట్టడానికి వేసే పెక్టిన్, మసాలా దినుసులు. ఆఫీసు వెనక ఇల్లుంది, దాని తలుపుకి అడ్డంగా పుస్తకాల బీరువా. తిండి తెచ్చిపెట్టే ఆఫీసు మనుషులు మీప్, బెప్, క్లైమన్, కుగ్లర్ లాంటివాళ్ళున్నారు. ఎంతమందికి ఆ చాన్స్ ఉండె? నెదర్లాండ్స్‌లో లక్షా నలభై వేల మంది యూదులు ఉంటే లక్షకు పైగా చంపేశారు. దాదాపు ప్రతి నలుగురిలో ముగ్గురు. వాళ్ళలో ఎక్కువమందికి పుస్తకాల బీరువా వెనక తలుపు లేదు. ఒక్క పుస్తకం చదివి అంతా తెలిసిపోయిందనుకుంటరు మనవాళ్ళు.

గోదారి_మేష్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:48

బాబూ, చివరి మాటతో నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను. ఆఖరి పేజీ తర్వాతే అసలు ఘోరం మొదలవుతుంది. వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి ఆష్విట్జ్‌కి 1944 సెప్టెంబర్ 3న బయల్దేరిన రైల్లో ఎనిమిది మందీ ఉన్నారు. వెస్టర్‌బోర్క్ నుంచి అక్కడికి వెళ్ళిన చివరి రైలది. ఎనిమిది మందిలో తిరిగొచ్చింది ఒట్టో ఒక్కడు. పుస్తకంలో అది లేదు కాబట్టి, అట్ట మీద నవ్వే పిల్ల ఫొటో వేసుకుని, మంచి మాటలు నాలుగు ఏరుకుని గోడకి తగిలించడం అందరికీ సులువైపోయింది. కానీ బోర్ అన్నావే, ఆ బోరే కదయ్యా వాళ్ళు రెండేళ్ళు మోసింది. సగంలో ఆపావు కాబట్టి నీకు ఐదు మార్కులు కోత.

పాలమూరు_పాఠకుడు | ఆదివారం సాయంత్రం 4:10

డబ్బున్నోళ్ళైతే అమెరికా ఎందుకు పోలేదు? చిన్న డౌట్.

హిస్టరీ_పిచ్చోడు | ఆదివారం సాయంత్రం 4:33

ప్రయత్నించారండీ. ముందే పెట్టుకున్న వీసా కాగితాలు 1940 మే నెలలో రోటర్‌డామ్ మీద బాంబులు పడ్డప్పుడు అమెరికన్ కాన్సులేట్‌తో పాటు పోయాయి. 1941లో ఒట్టో అమెరికాలోని పాత కాలేజీ స్నేహితుడికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆ స్నేహితుడికీ పలుకుబడి తక్కువేం కాదు. హామీ పత్రాలు, డిపాజిట్లు, రోజుకో కొత్త రూలు. చివరికి క్యూబా అన్నారు. అదీ డిసెంబర్లో అమెరికా యుద్ధంలోకి దిగడంతో పోయింది. ఆ ఫైలు న్యూయార్క్‌లో 2007లో బయటపెట్టారు. వీసా కాగితాలు చేతపట్టుకుని క్యూలో నిలబడిన మనవాళ్ళకి ఆ ఉత్తరాల గొంతు వెంటనే అర్థమవుతుంది.

అమ్‌స్టెల్‌వీన్_వాసి | ఆదివారం రాత్రి 8:55

ఇక్కడ ఉద్యోగం, ఆరేళ్ళైంది. ఊరి నుంచి ఎవరొచ్చినా నన్నే గైడు చేస్తారు కాబట్టి ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263, అంటే వాళ్ళు దాక్కున్న ఇల్లు, ఇప్పుడు మ్యూజియం, నాలుగుసార్లు చూశాను. మార్గొట్ సంగతి ఎత్తింది కాబట్టి రాస్తున్నాను. నాకూ ఇన్నేళ్ళూ తట్టలేదు.

గదులన్నీ ఖాళీగా ఉంటాయి. జర్మన్లు సామాను ఎత్తుకెళ్ళాక అలాగే ఉంచమన్నది ఒట్టో కోరిక. మెట్లు మన గుడిసె అటక నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. అన్నె గదిలో గోడ నిండా ఆమె అంటించిన సినిమా తారల బొమ్మలు, రాజకుమార్తెలు. అందరూ అక్కడే ఆగుతారు, నేనూ ఆగాను.

మొదట్లో ఆ గది అక్కచెల్లెళ్ళిద్దరిదీ. 1942 నవంబర్లో డాక్టరు రాగానే ఆయన్ని అన్నె గదిలో వేసి, మార్గొట్‌ని అమ్మానాన్నల గదిలోకి మార్చారు. మడత మంచం. పదహారేళ్ళ పిల్ల అప్పట్నుంచీ తల్లిదండ్రుల గదిలోనే. చెల్లికి గోడుంది. అక్కకి గోడ కూడా లేదు.

తల్లిదండ్రుల గదిలో గోడ కాగితం మీద పెన్సిల్ గీతలుంటాయి, పిల్లల ఎత్తు కొలిచినవి. ఆ రెండేళ్ళలో అన్నె 13 సెంటీమీటర్లు పెరిగింది, మార్గొట్ ఐదు. మన ఇళ్ళలో తలుపు చట్రం మీద గీస్తాం చూడండి, అవే గీతలు. నాలుగోసారి వెళ్ళినప్పుడు అక్కడ ఒక పెద్దాయన తన ఎత్తుతో పోల్చి చూసుకుంటున్నాడు.

ఇంటికి_పెద్దది | సోమవారం సాయంత్రం 6:20

ఇంతమంది రాస్తారనుకోలేదు. ట్యూషన్ నుంచి రాగానే చదివాను. మేష్టారూ, మీరు చెప్పిన పేజీ మళ్ళీ చదివాను. మొదటిసారి అది ఎలా దాటిపోయిందో తెలీదు. ఆ రోజు అన్నె పాత పేజీలు తిరగేస్తుంది. అమ్మ గురించి తను రాసినవి చూసి, ఇది రాసింది నిజంగా నేనేనా అని బిత్తరపోతుంది. అమ్మని మాటలతో ఏడిపించినందుకు సిగ్గుపడుతుంది. అలా అని సడన్‌గా అమ్మ మంచిదైపోదు, తర్వాత కూడా విసుక్కుంటుంది. నాకదే నిజం అనిపించింది.

ఇప్పుడు నా అభిప్రాయం మారిందా అంటే సగం మారింది. అన్నె తనని తానే తప్పుపట్టింది కాబట్టి నేను పట్టక్కర్లేదు. కానీ మార్గొట్ విషయంలో మారలేదు.

రెండోసారి మార్గొట్ కోసం మాత్రమే వెతుకుతూ పెన్సిల్‌తో గీసుకుంటూ చదివాను. దొరికినవి ఇవీ. 1942 అక్టోబర్లో ఒక రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకుంటారు. నీ డైరీ ఎప్పుడైనా చదవచ్చా అని మార్గొట్ అడుగుతుంది. కొంత చదవచ్చు అంటుంది అన్నె. మరి నీది? నాదీ అంతే. తర్వాత, మార్గొట్ పోస్టు ద్వారా లాటిన్ నేర్చుకుంటుంది. సొంత పేరు వాడకూడదు కాబట్టి బెప్ పేరు మీద. నాజీ నోటీసు ఆమె పేరుకే వచ్చింది, చదువు మాత్రం వేరేవాళ్ళ పేరు మీద చదవాలి. పాలస్తీనా వెళ్ళి పురుళ్ళు పోసే నర్సవ్వాలని కోరిక. ఇది ఒక్క వాక్యంలో ఉంది. ఇంకోటి 1944 మార్చి 20న. పీటర్ దగ్గరికి చెల్లి రోజూ పోతుంటే మార్గొట్ ఒక ఉత్తరం రాస్తుంది. నాకు అసూయ లేదు, మనసు చెప్పుకోవడానికి నాకెవరూ దొరకలేదన్నదే బాధ అని. ఆ ఉత్తరాన్ని అన్నె డైరీలోకి ఎక్కించింది కాబట్టే మార్గొట్ గొంతు మనకి ఆ మాత్రమైనా వినబడింది. అది ఒప్పుకోవాలి.

అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఫ్రెండ్‌కి ఫొటో తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

ఒక డౌట్. అన్నె కాగితాలు దొరికి మార్గొట్‌వి ఎందుకు దొరకలేదు?

హిస్టరీ_పిచ్చోడు | సోమవారం రాత్రి 7:45

అన్నె కాగితాలు వాళ్ళ నాన్న బ్రీఫ్‌కేసులో ఉండేవి. అరెస్టు రోజు ఆఫీసరు జిల్బర్‌బావర్ నగలూ డబ్బూ వేసుకోవడానికి సంచీ కావాలని ఆ కేసు తెరిచి కాగితాలు నేల మీద గుమ్మరించాడు. వాళ్ళని తీసుకుపోయాక మీప్, బెప్ వెళ్ళి వాటిని ఏరి దాచారు. అంటే ఆ అమ్మాయి రాత బతికింది నాజీవాడు పారేశాడు కాబట్టి. మీప్ వాటిని చదవలేదు. చదివుంటే కాల్చేసేదాన్నని తర్వాత చెప్పింది, సాయం చేసినవాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి మరి. మార్గొట్ డైరీ ఎక్కడ పెట్టుకుందో, ఏమైందో ఎవరికీ అంతుపట్టలేదు.

వంటింటి_పాఠకురాలు | సోమవారం రాత్రి 10:50

ఇద్దరూ బెల్సెన్‌లో టైఫస్‌తో పోయారు, 1945 ఫిబ్రవరి మార్చి మధ్య. ముందు అక్క, వెంటనే చెల్లి. ఆ సంగతి రూఢి అయ్యాకే మీప్ ఆ కాగితాలు ఒట్టో చేతిలో పెట్టింది. అవి చదివాక ఆయన అన్నాడట, నా కూతురు లోపల ఇంత ఆలోచిస్తోందని నాకు తెలియనే తెలియదని. ఒకే పైకప్పు కింద రెండేళ్ళు, బయటికి వెళ్ళే దారి లేకుండా ఉండీ తెలియలేదు. మా పెద్దాడు పక్కగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. వెళ్ళి ఏం చదువుతున్నావురా అంటే, "ఏం లేదమ్మా" అన్నాడు.

కరీంనగర్_కుర్రాడు | సోమవారం రాత్రి 11:37

మిగతా సగం చదువుతా మేష్టారూ. మార్కులు వాపసు ఇయ్యండి.

ఇంటికి_పెద్దది | మంగళవారం ఉదయం 7:05

అమ్‌స్టెల్‌వీన్ అంకుల్, ఆ పెన్సిల్ గీతలు ఇప్పటికీ కనబడతాయా? ఫొటో ఉంటే పెడతారా?

అమ్‌స్టెల్‌వీన్_వాసి | మంగళవారం మధ్యాహ్నం 12:40

కనబడతాయమ్మా, ముందు అద్దం బిగించారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఎప్పుడైనా వస్తే ముందే చెప్పు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు, గబుక్కున అయిపోతాయి. ఇవాళ మంగళవారమే, మా తోడల్లుడి వాళ్ళ కోసం పొద్దున్నుంచీ అదే పని మీద ఉన్నాను.

ఇంటికి_పెద్దది | మంగళవారం సాయంత్రం 5:58

హాయ్, నేను అక్క కాదు, చెల్లిని. అక్క ట్యూషన్‌కి వెళ్ళింది, లాగౌట్ అవ్వలేదు. నా గురించి ఏం రాసిందో మొత్తం చదివాను. 'అక్కని చూసి నేర్చుకో' అనేది అమ్మ కాదు, నాన్నమ్మ. ఇంకా నా డైరీ ఎక్కడుంటుందో అక్కకి తెలుసు, చదువుతుంది కూడా. ఇక్కడ ఎవరైనా అడగండి.

ఇంటికి_పెద్దది | మంగళవారం రాత్రి 8:31

పాస్‌వర్డ్ మార్చాను. కొంతే చదివాను.